పాస్ కానోళ్ల చదువు

మొన్న మా అక్క బిడ్డ నవ్యను సర్కారు నౌకరి పరీక్షల కోచింగ్ కోసం అశోక్ నగర్‌లో హాస్టల్‌లో దింపి రావడానికి నేనే పోయాను. అక్కకు మోకాళ్ల నొప్పులు, బావకు పొలం పని. "నీకు ఆ గల్లీలన్నీ ఎరుకే గదా, నువ్వే పో" అన్నారు. ఎరుకే. ప్లైవుడ్ చెక్కలు అడ్డం కొట్టి ఒక గదిని మూడు చేసిన ఆ హాస్టల్‌లో నవ్యకు కిటికీ పక్క మంచం దొరికింది. కిటికీ తీస్తే పక్క హాస్టల్ గోడ, చెయ్యి చాపితే అందుతుంది. బకెట్, మగ్గు, బట్టలారేసే తాడు, తాళంకప్ప కొనిచ్చి, కిందికొచ్చి చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. చుట్టూ పిల్లలు ఈసారి కటాఫ్ ఎంతదాకా పోతుందో లెక్కలేస్తున్నారు. మొఖాలు మారాయి గాని మాటలు మా కాలంవే.

"చిన్నమ్మా, ఒకటి అడుగుత, ఏమనుకోకు" అంది నవ్య. "నువ్వు ఈడ అన్నేండ్లు చదివినవ్ గదా. మనసు ఎట్ల ఆపుకున్నవ్? పాసైనోళ్ల ఇంటర్వ్యూలు ఫోన్ల మస్తు చూసిన. అందరు ఒక్కతీరే చెప్తరు. పాస్ కానోళ్లు ఎట్ల చదివిన్రో ఎవ్వరు చెప్పరు."

ఆ పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను మాత్రం "చాయ్ సల్లారుతున్నది, తాగు" అని మాట దాటేశాను. ఉప్పల్‌లో జనగామ బస్సెక్కి కూచున్నాక నాకు గుర్తొచ్చింది నా పుస్తకాలు కావు, లైబ్రరీ కాదు. చిక్కడపల్లిలో ఒక ఇంటి వరండా, అందులో పేము కుర్చీలో కూచుని ఒకటో తరగతి వాచకం పట్టుకున్న ఒక ముసలాయన.

నేను అందరిలాగే మొదట అశోక్ నగర్ హాస్టల్‌లోనే దిగాను. ఆ నీళ్లకో తిండికో కామెర్లు వచ్చి ఊరికి పోయి, పథ్యం చేసి తిరిగొచ్చేసరికి నా మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. కోచింగ్‌లో నా పక్కన కూచునే అమ్మాయి, చిక్కడపల్లిలో ఒక ముసలి దంపతులు మేడ మీది గది కిరాయికి ఇస్తారని చెప్పింది. పోయి గేటు తీస్తే సుభద్రమ్మ గారు వరండాలో చేటతో మినప్పప్పు బాగుచేస్తున్నారు. తెనాలి వైపు వాళ్లు. ఆవిడ మామగారు ఆఫీసు బదిలీ మీద ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నారట. ఆవిడ ఈ ఇంటికే కోడలిగా వచ్చారు. అయినా మాటలో తెనాలి అట్లాగే ఉంది.

"గదిలో నీచు వండుతావా?" అన్నారు.

"వండను ఆంటీ. తినాలనిపిస్తే బయట తినొస్త."

"తినిరా, నాకేం అభ్యంతరం లేదు. ఇంకో సంగతి ముందే చెప్తున్నా. పొద్దున్నపూట మా ఆయన పైకి చదువుతారు. ఆ చప్పుడు నీ చదువుకి అడ్డమనుకుంటే ఇప్పుడే చెప్పు, తర్వాత గొడవ వద్దు."

పెద్దాయన ఏ పీహెచ్‌డీయో చేస్తున్నాడనుకున్నాను. మర్నాడు పొద్దున తెలిసింది. విశ్వనాథం గారు నారాయణగూడలో ఒక కాలేజీలో లెక్కల లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కొన్నాళ్లకే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు కొంత తిరిగొచ్చాయి. మాట మాత్రం రాలేదు. బుర్రలో అన్నీ ఉన్నాయి, పేపరు చూసేవారు, మనం చెప్పేది అర్థమయ్యేది, కాని నోరు తెరిస్తే ఒక్కటే మాట వచ్చేది. "అదే." ఆకలేస్తే అదే. కోపమొస్తే అదే. గేటు దగ్గర పాలబ్బాయి కనిపిస్తే అదే. ఆ ఒక్క మాటనే సాగదీసి, తెంపి, పైకెత్తి, కిందికి దించి రోజంతా బతికేవారు. కొన్నాళ్లకు నాకు కూడా తెలిసిపోయింది, ఏ అదే మంచినీళ్లకు, ఏ అదే ఫ్యాను ఆపడానికి.

ఆ ఇంటి పొద్దు ఎప్పుడూ ఒకే తీరుగా మొదలయ్యేది. ముందు ఫిల్టరులో దిగే కాఫీ వాసన మెట్ల మీదుగా నా గదికి వచ్చేది. చాయ్ తప్ప తెలియని నాకు మొదట్లో అది మాడు వాసనలా అనిపించేది, తర్వాత అది రాకపోతే మెలకువ రాని స్థితికి వచ్చాను. ఆ వెనకే సుభద్రమ్మ గారు వాకిలి కడిగిన తడి మట్టి వాసన, ఆయన కాలికి రాసే నువ్వుల నూనె, కర్పూరం కలిపిన వాసన. ఆయనకు గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, కాలేజీకి పోయేటప్పుడు పెట్టుకున్నట్టే జేబులో పెన్ను పెట్టి, వరండాలో కూచోబెట్టేవారు. ఇంట్లో ఉండే మనిషికి ఇస్త్రీ చొక్కా ఎందుకని మొదట అనుకున్నాను. ఆవిడ కింద చాప మీద కూచుని, ఒక చేత్తో కూర తరుగుతూ, "అమ్మ అనండి" అనేవారు. ఆయన పెదాలు బిగించి, కళ్లు మూసుకుని, మెడ నరాలు పొంగేదాకా ప్రయత్నించి, "అ...అదే" అనేవారు. "అదే కాదు. అమ్మ." "అదే." "సరే, ఆవు అనండి." నేను పైన గదిలో రాజ్యాంగం అధికరణాలు బట్టీపడుతుంటే కింద నుంచి ఈ పాఠం వినిపించేది. ఒక ఇంట్లో ఇద్దరం ఒకే వేళకు ఒకే పని చేస్తున్నాం, ఇద్దరికీ రావడం లేదు.

నాకు ఈ పరీక్ష పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలి. నేను డిగ్రీ చదివే రోజుల్లో వడగండ్ల వానకు మా ఊరి పంట మొత్తం పోయింది. చూడటానికి ఒక ఆడ తహసీల్దారు వచ్చింది. ఇంటికి మగవాళ్లెవరొచ్చినా తలుపు చాటు నుంచి మాట్లాడే మా అమ్మ, ఆ రోజు పొలం గట్టు మీద ఆమె ఎదురుగా నిలబడి ఏ మడిలో ఎంత పోయిందో తనే చెప్పింది. ఆమె ఓపికగా వింటుంటే అమ్మ ఇంకా ఇంకా చెప్పింది. మా అమ్మ నోట అన్ని మాటలు ఉన్నాయని నాకు ఆరోజే తెలిసింది. అట్లా వినే మనిషిని కావాలనుకున్నాను. అంతకంటే పెద్ద ఆశయం ఏదీ నాకు లేదు. మొదటి ఏడాది నన్ను నడిపించింది అదే. తర్వాత్తర్వాత ఆనాటి అమ్మ ముఖం నా మనసులో పలచబడిపోయి సిగ్గు నడిపించింది. ఊరికి పోతే "ఏమైంది బిడ్డా, ఇంక రాలేదా నౌకరి?" అని అడుగుతారని పండుగలకు పోవడం మానేశాను. ఆ తర్వాత సిగ్గు కూడా అరిగిపోయి అలవాటు మిగిలింది. పొద్దున్నే లైబ్రరీ గేటు తీయకముందే పోయి నిలబడటం, సీటు దొరకకపోతే కాంపౌండులో చెట్టు కింద అట్ట మీద కూచోవడం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తిని మూత మీద నీళ్లు చిలకరించి కడుక్కోవడం. నోటిఫికేషన్ వస్తుందంటారు, రాదు. వస్తుంది, పరీక్ష వాయిదా పడుతుంది. రాస్తాం, ఫలితం ఆగుతుంది. ఆగినన్ని రోజులూ మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతాం. చదివిందే చదువుతుంటే ఒక దశలో అక్షరాలు కళ్ల ముందు నుంచి పోతుంటాయి గాని లోపలికి దిగవు.

నేను వరండా పాఠంలోకి ఎప్పుడు దిగానో సరిగ్గా గుర్తులేదు. సుభద్రమ్మ గారికి జ్వరం వచ్చిన రోజుల్లో అనుకుంటాను. ఆవిడ మంచం మీద నుంచి "ఈపూటకి మానేయండి" అంటుంటే ఆయన వినకుండా పుస్తకం పట్టుకుని కుర్చీలో కూచున్నారు. నేను మెట్లు దిగుతుంటే పుస్తకం నాకు చూపించి "అదే" అన్నారు. కూచున్నాను. అప్పటి నుంచి లైబ్రరీకి పోయే ముందు కాసేపు నేనే చెప్పించేదాన్ని. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషికి అ ఆలు చెప్పడానికి నాకు మొదట్లో నోరు రాలేదు. ఆయనకు మాత్రం ఏ నామోషీ లేదు. తప్పు వచ్చినప్పుడల్లా తల అడ్డంగా ఊపి, ఎడమ చేతి వేలు ఎత్తి, ఇంకోసారి అన్నట్టు సైగ చేసేవారు. క్లాసులో పిల్లలకు కూడా అట్లాగే చేసేవారేమో. నెలల తరబడి చేస్తే "అమ్మ" వచ్చింది. ఆ రోజు సుభద్రమ్మ గారు కూర మాడబెట్టారు. తర్వాత "నీళ్లు" వచ్చింది, కాని అది వచ్చిన వారానికి "అమ్మ" పోయింది.

ఆ రోజుల్లోనే ఆయన పాత విద్యార్థులు కొందరు ఇంటికొచ్చారు. కాలేజీలో పాత లెక్చరర్లందరికీ సన్మానం పెట్టుకున్నాం, సార్ తప్పకుండా రావాలి అన్నారు. వాళ్లు పోయాక విశ్వనాథం గారు ఒకటే గొడవ. గాలిలో మైకు పట్టుకున్నట్టు ఎడమ చెయ్యి పెదాల దగ్గర పెట్టుకుని "అదే, అదే" అంటారు.

"మాట్లాడతారా? అక్కడా?" అని సుభద్రమ్మ గారు నా వైపు చూశారు. ఆ చూపులో భయం ఉంది.

నాకు అప్పుడు మెయిన్స్ దగ్గరపడింది. మొదటిసారి అంతదాకా వచ్చాను. అందుకేనేమో నాకు అంతా సాధ్యమే అనిపించింది. "మాట్లాడిద్దాం ఆంటీ, చిన్న వాక్యం" అన్నాను. ముందు నాలుగు వాక్యాలు అనుకున్నాం. రెండయ్యాయి. చివరికి ఒకటి మిగిలింది. "మీరంతా బాగుండాలి." నేను రాత్రంతా చదివిన కళ్లతో దిగొచ్చి మీ-రం-తా అని విరిచి చెప్పేదాన్ని. ఆయన చెమటలు పట్టేదాకా అనేవారు. ఒక్కోరోజు "మీ" దగ్గరే పొద్దెక్కేది. కాని వచ్చింది. నిజంగా వచ్చింది. సన్మానానికి ముందు వారంలో, మధ్యలో రెండుచోట్ల ఆగినా, ఆ వాక్యం మొత్తం ఆయన నోట్లోంచి వచ్చింది. గ్యాసు బండ తెచ్చినతనికి చెప్పారు, పక్కింటి పిల్లలకు చెప్పారు, నేను మెయిన్స్‌కు పోతుంటే గేటు దాకా కర్రతో నడిచొచ్చి నాకు చెప్పారు. "మీరం...తా బాగుం...డాలి." నేను ఒక్కదాన్నే ఉన్నాను, అయినా మీరంతా అనే అన్నారు. ఆ పరీక్ష నేను బాగా రాశాను. ఇప్పటికీ బాగా రాశాననే అనుకుంటాను.

సన్మానం సాయంత్రం. నారాయణగూడలో ఆ కాలేజీ హాలుకు ఆటోలో ముగ్గురం పోయాం. సుభద్రమ్మ గారు ఎప్పుడో సుల్తాన్ బజార్‌లో కొని దాచుకున్న పట్టుచీర కట్టుకున్నారు. తలలు నెరిసిన విద్యార్థులు వచ్చి ఆయన కాళ్లకు దండం పెడుతుంటే ఆయన ఒక్కొక్కరినీ గుర్తుపట్టి వీపు తడుతున్నారు. శాలువా కప్పాక మైకు ముందు నిలబెట్టారు. "మీ" అన్నారు. ఆగారు. మళ్లీ "మీ... మీ..." ఆయన మెడ నరాలు పొంగడం నాకు వెనక వరుస నుంచి కనిపిస్తోంది. నా పెదాలు కూడా కదులుతున్నాయి. "అదే" అన్నారు. తల అడ్డంగా ఊపారు. వేలు ఎత్తారు, ఇంకోసారి అన్నట్టు. "అదే. అదే." ఆ వాక్యంలో గొంతు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలో అట్లాగే ఎక్కి దిగింది గాని అందులో ఉన్నది ఆ ఒక్క మాటే. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా లేచి నిలబడి కొట్టింది. ఆయన చెయ్యి ఇంకా ఎత్తే ఉంది, ఆగండి అన్నట్టు. వాళ్లు అది చూడలేదు. ఒక విద్యార్థి మైకు అందుకుని, "సార్ మాట్లాడకపోయినా మాకందరికీ అర్థమైంది" అన్నాడు. మళ్లీ చప్పట్లు.

నా పక్కన సుభద్రమ్మ గారు మెల్లగా అన్నారు. "ఏం అర్థమైంది వీళ్లకి?"

మర్నాడు పొద్దున ఆవిడ ఎప్పటిలాగే గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి కూచోబెట్టారు. పుస్తకం చేతికిచ్చారు. ఆయన దాన్ని మూసి ఆవిడకే తిరిగి ఇచ్చారు. కోపంగా కాదు, చదవడం అయిపోయిన పేపరు ఇచ్చినట్టు. కొన్నాళ్లు ఆవిడ "అమ్మ అనండి" అంటూనే ఉన్నారు. ఆయన గేటు వైపు చూస్తూ కూచునేవారు. ఆ తర్వాత ఆవిడా మానేశారు. ఇంట్లో పొద్దున్నపూట ఏ చప్పుడూ లేక నాకు చదువు సాగలేదు. ఒకరోజు ఉండబట్టలేక దిగొచ్చి ఆయన ముందు కూచున్నాను. మా కోచింగ్ గోడల మీద రాసి ఉండే మాటలన్నీ అప్పజెప్పాను. పడ్డవాడే లేస్తాడని, ప్రయత్నం ఆపితేనే ఓటమి అని. ఆయన అన్నీ విన్నారు. చివరికి ఎడమ చెయ్యి నా నెత్తి మీద పెట్టి, అదే చేత్తో మేడ మీదికి చూపించారు. పో, పోయి నువ్వు చదువుకో అని. తను మాత్రం కదల్లేదు.

మెయిన్స్ ఫలితాలు వచ్చినప్పుడు అందులో నా నంబరు లేదు. పైనా కిందా ఉన్న నంబర్లు ఉన్నాయి. కళ్లు పొరబడ్డాయేమోనని పక్కనున్న అమ్మాయికి కూడా చూపించాను. తర్వాతి సారి ప్రిలిమ్స్ కూడా దాటలేదు. ఆ తర్వాతిది వాయిదాల్లో ఉండగా, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న విశ్వనాథం గారు లేవలేదు. కూకట్‌పల్లి నుంచి కూతురు వచ్చింది, పాత విద్యార్థులు వచ్చారు. సార్ బోర్డు మీద రాసిన లెక్క ఎంత అందంగా ఉండేదో, గొంతు ఎంత కంచులా ఉండేదో చెప్పుకున్నారు. ఆ గొంతు నేను వినలేదు. నేను విన్న గొంతు వేరే.

కర్మలన్నీ అయిపోయాక ఒక పొద్దున కిందికి పోతే, సుభద్రమ్మ గారు వంటింట్లో పొయ్యి ముందు పీట మీద ఊరికే కూచుని ఉన్నారు. నేనూ పక్కన కూచున్నాను. ఆవిడే అన్నారు.

"ఆయనకి మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదమ్మా."

నాకు అర్థం కాలేదు. "అదేంది ఆంటీ?"

"మొదటి నెలలోనే డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పేశాడు. రాదమ్మా, ఒకటీ అరా ముక్కలు వచ్చినా నిలబడవు అని."

"మరి రోజూ ఎందుకు చెప్పించిన్రు? అన్నేండ్లు?"

"తెల్లారితే లేచి కూచోవడానికి ఏదో ఒక పని ఉండాలి కదమ్మా ఆయనకి. నాకూ ఉండాలి. వస్తుందని చెప్తేనే కదా కూచుంటారు." కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "ఆ సభకి ఒప్పుకోకుండా ఉండాల్సింది. నువ్వంత గట్టిగా అంటే నాక్కూడా ఒక్క వారం ఆశ పుట్టింది."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "నా చదువు సంగతి గూడ మీకు గట్లనే అనిపించేదా ఆంటీ?"

ఆవిడ నా ముఖం వైపు చూశారు. తర్వాత లేచి, "అన్నం పొంగుతోందేమో చూడు" అన్నారు. పొయ్యి మీద అన్నం ఉంది. అది పొంగడం లేదు.

ఇప్పుడు అశోక్ నగర్‌లో అన్నీ మారాయంటారు. పాఠాలు ఫోన్లోనే వస్తాయి, టెస్టులు ఫోన్లోనే రాస్తారు, నువ్వు రాష్ట్రం మొత్తంలో ఎన్నో ర్యాంకులో ఉన్నావో ఆ ఫోనే క్షణంలో చెప్తుంది. మాకు తెలిసేది కాదు, ఆ తెలియకపోవడంలోనే కొన్నేళ్లు గడిచిపోయాయి. ఈ పిల్లలకు ప్రతి సాయంత్రం తెలుస్తుంది, అయినా పొద్దున్నే లేచి పోతున్నారు. ఏది నయమో చెప్పలేను. చదువు ఊరికే పోదని అందరూ అంటారు. పోతుంది. నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తున్నాను. ఆ రోజుల్లో కంఠతా పట్టినవాటిలో పిల్లలకు పనికొచ్చేది పిడికెడు కూడా లేదు. ఆదివారాలు ఇట్లా నాలుగు ముక్కలు రాసుకుంటాను. మా ఆయన మంచివాడు, నా వెనకటి సంగతులు అడగడు. టీవీలో ఎప్పుడన్నా ఒక తహసీల్దారు మాట్లాడుతుంటే మాత్రం నేను లేచి వంటింట్లోకి పోతాను.

ఆ ఇల్లు అమ్మకానికి పెట్టిన ఏడాదే నేను గది ఖాళీ చేశాను. సుభద్రమ్మ గారు కూతురి దగ్గరికి పోయారు. కొన్నాళ్లు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం, తర్వాత ఆ నంబరు కలవలేదు. ఇంటి జాగాలో ఇప్పుడు పెద్ద హాస్టల్ లేచింది. గది ఖాళీ చేసిన రోజు నన్ను తీసుకుపోవడానికి మా బాపు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. నేను రాను రానంటూ వాయిదా వేసిన ఏళ్లన్నిట్లో బాపు ఒక్కసారి కూడా రమ్మని అడగలేదు, ఎందుకు కాలేదనీ అడగలేదు. అక్షరం ముక్క రాదు ఆయనకు. గదిలో గోడ వెంబడి ఉన్న పుస్తకాలు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఇయ్యన్ని సదివినవా బిడ్డా?"

"సదివిన బాపు."

"అన్ని?"

"అన్ని."

బాపు తువ్వాల నడుముకు చుట్టుకుని, కాలు తగలకుండా ఒక్కొక్క కట్టా ఎత్తి, మెట్ల మీద ఆగి ఆగి దింపాడు. చివరి కట్ట ఆటోలో పెట్టేసరికి లైబ్రరీ తెరిచే వేళైంది. గల్లీ నిండా పిల్లలు. వీపున సంచులు, చేతుల్లో నీళ్ల సీసాలు, కొందరు నడుస్తూనే చదువుకుంటున్నారు. ఆటో దారికి అడ్డంగా ఉంది. బాపు గబగబా పక్కకు జరిగి, మా ఊళ్లో ఆఫీసర్లు వచ్చినప్పుడు చేసినట్టే నెత్తి మీది తలపాగా తీసి చేతిలో పట్టుకుని, గోడకు ఆనుకుని వాళ్లకు దారి ఇచ్చాడు. వాళ్లు పోతూనే ఉన్నారు, వరస తెగలేదు.

"వీళ్లు గూడ అదే పరీచ్చకా బిడ్డా?" అన్నాడు.

"అదే బాపు."

"అందరా?"

నేను తలూపాను. వాళ్లందరూ దాటిపోయేదాకా బాపు తలపాగా చుట్టుకోలేదు.